విండోస్ జోలికి ఇప్పుడే పోకు

చిన్నా,

రాత్రి నువ్వు ఫోన్‌లో చెప్పినప్పటి నుంచి మనసంతా నీ సిస్టమ్ మీదే ఉంది. దాచుకున్న డబ్బులతో ఒక్కో పార్టూ ఏరి తెచ్చి నీ చేత్తో బిగించుకున్నావు కదా. గేమ్ మధ్యలో ఆగిపోతోంది, బ్లూ స్క్రీన్ మీద మెమరీ మేనేజ్‌మెంట్ అని వస్తోంది, జిప్ ఫైల్ విప్పితే పాడైందంటోంది. మూడూ కలిసి వస్తున్నాయంటే నా అనుమానం ర్యామ్ మీదే, అంటే కంప్యూటర్ పని చేస్తున్నప్పుడు డేటా పెట్టుకునే తాత్కాలిక మెమరీ మీదే.

విండోస్ మళ్లీ వేస్తానన్నావు. ఇప్పుడే వద్దు. ర్యామ్‌లో తప్పిన బిట్, అంటే డేటాలో ఒక చిన్న ముక్క, డిస్క్ మీదికీ అలాగే ఎక్కుతుంది. పన్నెండేళ్ల కిందట నేనిలాగే తెలియక రెండుసార్లు విండోస్ వేశాను, పవర్ సప్లై కూడా మార్చాను. ఆ హడావిడిలోనే స్కాన్ చేయించిన మీ అమ్మ పెళ్లి ఫొటోలు కొత్త డిస్క్‌లోకి ఎక్కించి, పాతది ఫార్మాట్ కొట్టేశాను. తర్వాత తెరిస్తే తలంబ్రాల ఫొటోలో ముఖాల వరకు బాగానే ఉంది, కింద అంతా బూడిదరంగు. దోషం ఒకే ఒక్క ర్యామ్ స్టిక్‌ది. అందుకే నీ ముఖ్యమైన ఫైళ్లు వేరే కంప్యూటర్‌కి డిస్క్ తగిలించి కాపీ తీసుకో.

ఇక బయోస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి, ర్యామ్‌ని ప్యాకెట్ మీది స్పీడ్‌లో నడిపించే ఎక్స్‌పో ఆఫ్ చెయ్యి. ప్యాకెట్ మీద 6000 అని ఉన్నా, అది ఓవర్‌క్లాక్ స్పీడే, అంటే మామూలు హద్దు దాటించి నడిపేది. పైగా నువ్వు నాలుగు స్టిక్‌లు పెట్టావు. నీ రైజెన్ 7000 ప్రాసెసర్‌కి ఏఎండీ చెప్పే లెక్క రెండు స్టిక్‌లకు 5200, నాలుగైతే 3600. నాలుగింటినీ 6000లో పరిగెత్తించడం ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపించే మెమరీ కంట్రోలర్‌కి పెద్ద బరువు. రెండో ప్యాక్ విడిగా కొన్నావు కాబట్టి, పేరు ఒకటే అయినా లోపలి చిప్‌లు వేరే అయ్యుండొచ్చు.

ఎక్స్‌పో తీశాక కూడా తప్పులు వస్తే ఒక్కో స్టిక్‌నే పరీక్షించాలి. పవర్ వైరు పీకి, స్టార్ట్ బటన్ కాసేపు నొక్కి పట్టుకో. క్యాబినెట్ ఇనుమును ముట్టుకున్నాకే స్టిక్ మీద చెయ్యి వెయ్యి. బంగారు పళ్లను రబ్బరుతో గట్టిగా రుద్దకు, పూత పోతుంది. బోర్డు స్లాట్‌కి లాచ్, అంటే స్టిక్‌ని పట్టుకునే క్లిప్, ఒకవైపే ఉంటే రెండో చివర ఇంకా లేచి ఉన్నా బిగిసినట్టే కనిపిస్తుంది. టార్చ్ వేసి చూడు, పళ్ల గీత స్లాట్ అంచుకి సమంగా ఉండాలి.

స్టిక్ మార్చాక మొదటిసారి ఆన్ చేస్తే కొన్ని నిమిషాలు స్క్రీన్ నల్లగానే ఉంటుంది. నీది డీడీఆర్5 రకం ర్యామ్, అది ట్రైనింగ్ చేసుకుంటోందన్నమాట, అంటే బోర్డు ఆ స్టిక్‌కి సరిపడే సెట్టింగులు వెతుక్కుంటోంది. టెన్షన్ పడి ఆపెయ్యకు. ఏ2 స్లాట్‌లో, అంటే ప్రాసెసర్ నుంచి రెండోదానిలో, ఒక్కటే పెట్టి పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్ మెమ్‌టెస్ట్86ని నాలుగు పాస్‌లు, అంటే నాలుగు పూర్తి రౌండ్లు, తిప్పు. రాత్రి పెట్టి పడుకో. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, "ఒకటే కదా" అనుకోకు. అదే స్టిక్ ఏ స్లాట్‌లో పెట్టినా తప్పుతుంటే దోషం దానిదే. ఏ స్టిక్ పెట్టినా ఒకే స్లాట్‌లో తప్పుతుంటే బోర్డునో ప్రాసెసర్‌నో, ఆ రెంటి మధ్య సాకెట్‌నో చూడాలి. స్టిక్‌లకు పెన్సిల్‌తో కాగితం ముక్క మీద నంబర్లు వేసి అంటించు, లేకపోతే మూడోదానికే కలగాపులగం అవుతుంది.

వారంటీకి పంపాల్సి వస్తే ఒక ప్యాక్‌లో వచ్చిన జత రెండూ కలిపి పంపు. మొదటి స్టిక్ రిజల్ట్ రాగానే స్క్రీన్ ఫొటో తీసి పంపించు, ఎంత రాత్రైనా చూస్తాను.

మీ మామయ్య