మార్చిలోనూ మిద్దె మీద స్ట్రాబెర్రీ కాయాలంటే?

ప్రశ్న: హైదరాబాద్‌లో మా మిద్దె మీద నల్ల గ్రో బ్యాగుల్లో అక్టోబరులో వింటర్ డాన్ రకం స్ట్రాబెర్రీ పెట్టాం. సంక్రాంతికి మంచి కాయలు తిన్నాం. ఇప్పుడు మార్చి మొదట్లో కాయ చిన్నగా, పుల్లగా వస్తోంది. ఆకుల అంచులు మాడుతున్నాయి, తీగలు సాగుతున్నాయి. నీళ్లు వృథా కాకూడదని ఆర్‌ఓ ఫిల్టరు నుంచి బయటికి పోయే నీళ్లే పోస్తున్నాం. లంబసింగిలో ఇంకా కాస్తున్నాయంటున్నారు, మావి ఏప్రిల్ చివరిదాకా కాయించొచ్చా? - ఒక గృహిణి

జవాబు: ముందు ఆ ఆర్‌ఓ నీళ్లు ఆపేయండమ్మా, ఎండ సంగతి తర్వాత. ఫిల్టరు మంచి నీళ్లు మీ బిందెలోకి పంపి ఉప్పంతా ఆ పక్క పైపులోకి వదులుతుంది. కొబ్బరి చెట్టయితే తట్టుకుంటుంది గానీ స్ట్రాబెర్రీకి ఉప్పు అస్సలు పడదు. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) పైన, బ్యాగు అంచుల వెంట తెల్లగా పొరలా కట్టి, గోటితో గీకితే పొడిలా రాలుతోందేమో చూడండి, అదే ఉప్పు, ఆకు అంచులు మాడటానికి మొదటి అనుమానం దాని మీదే. పొద్దున్నే నల్లా నీళ్లు నిదానంగా, అడుగు రంధ్రాల్లోంచి బాగా కారేలా రెండు మూడు విడతలు పోసి కడిగేయండి. గట్టి బోరు నీళ్లయితే లాభం లేదు.

ఇక లంబసింగితో పోలిక వద్దు. అది సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు, అక్కడ మార్చిలో కూడా రాత్రిళ్లు చల్లబడతాయి. మీ మిద్దె మీద పగలు 35 డిగ్రీలు దాటుతుంది, కింద శ్లాబు సెగ అదనం. వింటర్ డాన్ పొద్దు తక్కువగా, రాత్రి చల్లగా ఉంటేనే మొగ్గ కట్టే రకం కాబట్టి ఎండలు ముదిరితే పూత తగ్గించి తీగల మీద పడుతుంది. ఉన్న కాయేమో వేడికి నిండా ఊరకముందే ఎర్రబడిపోతుంది, అందుకే ఆ పులుపు.

కాబట్టి ఏప్రిల్ చివరిదాకా అని ఆశ పెట్టుకోకండి. ఇప్పుడున్న పూత, పిందె నిలిస్తే మార్చి ఆఖరు, మహా అయితే ఏప్రిల్ మొదటి వారం వరకు తినొచ్చు. దానికి వేరు చల్లగా ఉండాలి, అంతకు మించిన మందు లేదు. బ్యాగుల్ని శ్లాబు మీంచి లేపి ఇటుకల మీద పెట్టండి, పొద్దుటి ఎండ తగిలి మధ్యాహ్నం నీడ పడే గోడ వారకు జరపండి, నల్ల బ్యాగుకి పాత తెల్ల సంచి ఏదైనా తొడగండి. పైన 50 శాతం షేడ్‌నెట్ పదకొండు నుంచి నాలుగు దాకా చాలు, రోజంతా కప్పితే కాయకి తీపి రాదు. మట్టి మీద రెండంగుళాల వరిగడ్డి పరవండి, మొవ్వు మాత్రం కప్పకూడదు, కుళ్లిపోతుంది. నీళ్లు ఒకేసారి గుమ్మరించకుండా పొద్దున, మధ్యాహ్నం కొంచెం కొంచెం ఇవ్వండి.

తీగలు కనబడగానే కత్తెరతో మొదట్లోనే కత్తిరించేయండి. కాయ సైజు తగ్గిందని యూరియా మాత్రం వేయొద్దు, ఆకు పెరుగుతుంది తప్ప కాయ పెరగదు. ఉప్పు కడిగిన వారం తర్వాత లీటరు నీటికి 3 గ్రాముల 0-0-50 (పొటాషియం సల్ఫేట్ ఎరువు) కలిపి ఒకసారి సాయంత్రం పిచికారీ చేయండి, చాలు.

ఈ టైమ్‌లో ఎర్రనల్లి అనే సన్నటి పురుగు వస్తుంది. ఆకు తిప్పి చూస్తే సాలెగూడు లాంటి సన్నటి బూజు, కదిలే చుక్కలు ఉంటాయి. మొదట్లోనే ఆకు అడుగున నీళ్లు గట్టిగా కొట్టి, అవసరమైతే లీటరుకు 5 మి.లీ. వేప నూనె, కొంచెం సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం చల్లండి. కాయని పూర్తిగా ఎర్రబడ్డాకే, తొడిమతో సహా, పొద్దున్నే కోయండి. కోశాక రంగు మారొచ్చేమో గానీ తీపి పెరగదు.

ఆన్‌లైన్‌లో ‘ఏడాదంతా కాసే స్ట్రాబెర్రీ’ అని అమ్ముతుంటారు. వాటికి పగటి నిడివితో పని లేదు, నిజమే, కానీ మే నెల వేడికి అవి కూడా పూత ఆపేస్తాయి. డబ్బులు పెట్టకండి. మీ మొక్కల్నే ఎండాకాలం దాటించాలని సరదా ఉంటే రెండు మూడు గట్టి మొక్కలకి తీగ పిలకలు వదిలి, వాటిని చిన్న కుండీల్లో వేళ్లూననిచ్చి, చల్లటి నీడలో ఉంచి చూడండి, చాలావరకు వానాకాలంలో కుళ్లు వచ్చి పోతాయి. మళ్లీ అక్టోబరుకి మహాబలేశ్వర్ నుంచి వచ్చే కొత్త మొక్కలు తెచ్చుకోవడమే తేలిక.