దిబ్బ మీదే, అయినా మట్టి కదపకండి (న్యాయ సలహా)

ప్రశ్న: సార్, ఇంగ్లండ్‌లో ఎసెక్స్‌లో ఇల్లు కొన్నాం. పెరట్లో పెద్ద మట్టిదిబ్బ, దాని చుట్టూ గుంట. పేపర్లలో షెడ్యూల్డ్ మాన్యుమెంట్ (చట్టం రక్షించే పురాతన కట్టడం) అని ఉంది గానీ గోడల్లేవు, రాళ్ళూ లేవు. గుంటూరు నుంచి వచ్చిన నాన్నగారు గోంగూర మడి కోసమని దిబ్బ అంచు చెక్కి, ఆ మట్టి గుంటలో పోశారు. మా స్థలమే కదా, తప్పేంటి?

జవాబు: స్థలం మీదే, అందులో డౌట్ లేదు. కానీ గోడల్లేవు కాబట్టి ఏం కాదు అనుకోవడం దగ్గరే పొరపాటు జరిగింది. 1066లో ఫ్రాన్స్ నుంచి నార్మన్లు దండెత్తి వచ్చాక ఇలాంటి మట్టి కోటలు చాలా కట్టారు, కందకం తవ్వి ఆ మట్టినే దిబ్బగా పోసి, పైన కర్ర బురుజు, కింద కంచె వేసిన ఆవరణ పెట్టుకునేవాళ్ళు, కర్ర ఎప్పుడో పుచ్చిపోయింది, ఇక మిగిలిన కోట ఆ మట్టే. నాన్నగారి పార దిగింది గోడలోకే అన్నమాట.

1979 నాటి ఏన్షియంట్ మాన్యుమెంట్స్ చట్టం సెక్షన్ 2 ప్రకారం ముందే ప్రభుత్వ అనుమతి (కన్సెంట్) లేకుండా తవ్వినా, తీసినా, కొత్తగా కలిపినా నేరమే, గుంటలో మట్టి పోయడం కూడా అందులోకే వస్తుంది. తెలిసి పాడుచేస్తే సెక్షన్ 28 కింద 2 ఏళ్ళ దాకా జైలు, ఓనర్‌కీ మినహాయింపు లేదు. తెలియదు అందామంటే మీ పేపర్లలోనే ఉందాయె.

ఇప్పుడు చాలామంది చేసే పని, గుట్టుగా ఆ మట్టి మళ్ళీ ఎత్తి దిబ్బకి అద్దేయడం. దయచేసి అది చెయ్యకండి, రిపేరుకీ కన్సెంట్ కావాలి. పార పక్కన పెట్టండి, ఉన్నదున్నట్టు ఫోటోలు తీసుకోండి, ముందు అక్కడి హెరిటేజ్ కేసులు చూసే సొలిసిటర్‌తో (లాయర్‌తో) మాట్లాడి ఆయన ద్వారానే, అక్కడి పురాతన కట్టడాలు చూసే ప్రభుత్వ సంస్థ హిస్టారిక్ ఇంగ్లండ్‌కి చెప్పండి. కంగారులో మీరే ఈమెయిల్ రాసి అన్నీ ఒప్పేసుకోవద్దు. కన్సెంట్ అప్లికేషన్‌కి ఫీజు లేదు.

మన దగ్గర ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) కట్టడం అంటే చుట్టూ 100 మీటర్లు కట్టనివ్వరు కదా, అక్కడ అలా దూరం లెక్క కాదు, మ్యాప్‌లో గీసిన హద్దే లెక్క. హిస్టారిక్ ఇంగ్లండ్ లిస్ట్ ఆన్‌లైన్‌లో ఉంటుంది, మీ హద్దు అందులో చూసుకోండి. గోంగూర ఆ గీత బయట వేసుకోమనండి నాన్నగారిని. పిల్లలకి మెటల్ డిటెక్టర్ లాంటిది ఉంటే దిబ్బ మీదకి పోనివ్వకండి, పర్మిషన్ లేకుండా దాన్ని అక్కడ వాడటం సెక్షన్ 42 కింద వేరే నేరం.