పోర్ట్‌ఫోలియో సైట్‌కి రంగులు: మొదట బూడిద, ఆ తర్వాత ఒక్క రంగు

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. యాప్‌లు, సైట్ల తెరలు రూపొందించే యూఐ డిజైనర్ కావాలని ఉంది. ఒక రెడీమేడ్ థీమ్ తీసుకుని, నా పనులు చూపించే పోర్ట్‌ఫోలియో సైట్ చేసుకున్నాను. చూస్తే అందరి సైట్లలాగే ఉంది. రంగులు మార్చిన కొద్దీ ఇంకా గజిబిజి అవుతోంది. నాదంటూ ఒక రూపు తేవడం ఎలా? కలర్ సెన్స్ లేనివాళ్లకు ఈ పని కష్టమేనా?

జవాబు: మీరు కలర్ సెన్స్ అనుకుంటున్నదాంట్లో చాలా భాగం లెక్క. నేర్చుకుంటే వస్తుంది. ఏ రంగు ఏ పని చేయాలో తేల్చుకోకుండా రంగులు మారుస్తున్నందువల్లే గజిబిజి అవుతోంది. నెట్‌లో దొరికే ఐదు రంగుల పాలెట్లు ముచ్చటగా కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ ఐదూ ఒకే సైజు గడుల్లో పక్కపక్కన ఉంటాయి. పేజీలో ఒక రంగు తెర మొత్తం పరుచుకుంటుంది, ఇంకొకటి ఒక్క బటన్ మీదే ఉంటుంది. ఐదింటికీ సమానంగా చోటిస్తే ఐదూ ఒకేసారి అరుస్తాయి.

అందుకే మొదట సైట్ మొత్తాన్ని నలుపు, తెలుపు, బూడిదలోకి మార్చేయండి. శీర్షిక, వివరణ, తేదీ, బటన్ వేటికవి విడిగా తెలుస్తున్నాయా? తెలియకపోతే లోపం అక్షరాల సైజులోనో ఖాళీల్లోనో ఉంది, దాన్ని ఏ రంగూ దాచలేదు. మామూలు పాఠం 18 పిక్సెల్స్ పెట్టి, పై మెట్టుకు 1.25తో హెచ్చించుకుంటూ పోండి: 22.5, 28, 35. ఖాళీలన్నీ 8 పిక్సెల్స్ గుణిజాల్లో ఉంచండి. ఇంగ్లిష్ పాఠానికి వరుస ఎత్తు అక్షరాల సైజుకు 1.5 రెట్లు సరిపోతుంది. తెలుగులో రాస్తే 1.7 దాకా పెంచండి, లేకపోతే పై వరుస వత్తులు కింది వరుస గుడులను తాకుతాయి.

ఇప్పుడు ఒక్క రంగు ఎంచుకోండి. దాన్ని హెచ్‌ఎస్‌ఎల్ పద్ధతిలో రాసుకుంటే పని తేలిక: వర్ణం (రంగుల చక్రంలో చోటు) 0 నుంచి 360 డిగ్రీలు, సాంద్రత (రంగు చిక్కదనం), వెలుగు రెండూ 0 నుంచి 100 శాతం. ఉదాహరణకు వర్ణం 170, అంటే నీలి ఛాయ కలిసిన ఆకుపచ్చ. సాంద్రత 60, వెలుగు 40 పెడితే చూడ్డానికి హాయిగానే ఉంటుంది. కానీ తెల్లటి నేపథ్యం మీద దాని కాంట్రాస్ట్, అంటే రెండు రంగుల వెలుగుల మధ్య నిష్పత్తి, సుమారు 3.1 మాత్రమే. వెబ్ యాక్సెసిబిలిటీ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ ఏఏ స్థాయిలో మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5 అడుగుతుంది, పెద్ద అక్షరాలకు, బటన్ అంచులకు 3. అదే రంగు వెలుగును 28కి దించితే కాంట్రాస్ట్ 5.7 దాటుతుంది, లింకులకు నిశ్చింతగా వాడొచ్చు. 40 వెలుగున్నదాన్ని పెద్ద శీర్షిక కింద గీతకు ఉంచుకోండి.

హెచ్‌ఎస్‌ఎల్‌లో ఒక మోసం ఉంది. అందులో వెలుగు శాతం మన కంటికి కనిపించే వెలుగు కాదు. వెలుగు 50 ఉన్న స్వచ్ఛమైన పసుపు తెలుపు మీద 1.07 కాంట్రాస్ట్ ఇస్తుంది, అంటే దాదాపు కనిపించదు. అదే 50 ఉన్న నీలం 8.6 ఇస్తుంది. కాబట్టి వర్ణం మార్చినప్పుడల్లా కాంట్రాస్ట్ మళ్లీ కొలవాలి. కొత్త బ్రౌజర్లలో ఉన్న, కంటికి కనిపించే వెలుగును బట్టి రంగులు రాసే ఓకేఎల్‌సీహెచ్ పద్ధతిలో ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. తేదీలు, ఫొటో కింది మాటల్లాంటి చిన్న అక్షరాలకు లేత బూడిద వాడటం మరో మామూలు తప్పు. తెలుపు మీద #767676 అనే కోడ్ ఉన్న బూడిద గట్టెక్కుతుంది (4.54), #777777 తప్పుతుంది (4.48). కంటికి రెండూ ఒకటే. కొలవమనేది ఇందుకే.

ఇక ప్రత్యేకత సంగతి. దాన్ని తెచ్చేది ఎక్కువగా బూడిదే! థీమ్‌తో వచ్చిన బూడిదను తీసేసి, మీ వర్ణాన్నే కొద్దిగా కలిపి సొంత బూడిద చేసుకోండి. నేపథ్యానికి వర్ణం 170, సాంద్రత 20, వెలుగు 98. అక్షరాలకు అదే వర్ణం, సాంద్రత 10, వెలుగు 15. రంగు వేసినట్టు ఎవరికీ తెలియదు కానీ పేజీ అంతా ఒకే గదిలో ఉన్నట్టు అనిపిస్తుంది. దీనికి తోడు ఒక్క గుర్తు పెట్టుకోండి: శీర్షికల పక్కన మందపాటి గీత, ఎడమకు జరిపిన సన్నటి కాలమ్, లేదంటే పలకలన్నిటికీ ఒకే తరహా మూలలు. ఏదో ఒకటి చాలు, కాకపోతే అన్ని పేజీల్లోనూ అదే ఉండాలి. మూడు గుర్తులు పెడితే మళ్లీ రెడీమేడ్ థీమ్‌లాగే కనిపిస్తుంది.

పోర్ట్‌ఫోలియోకే ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటి. మీ ప్రాజెక్టుల స్క్రీన్‌షాట్లు ఒక్కోటి ఒక్కో రంగులో ఉంటాయి, అవి మీ సైట్ రంగుతో కొట్లాడతాయి. అన్నిటినీ ఒకే సైజులో, మీ లేత బూడిద పలక మీద, నాలుగువైపులా ఒకే ఖాళీతో కూర్చోబెట్టండి. ఆ పేజీల్లో మీ రంగు లింకులకే పరిమితం కావాలి. గదుల అలంకరణలో చెప్పే 60-30-10 నిష్పత్తిని (ప్రధాన రంగు 60 శాతం, తోడు రంగు 30, కొట్టొచ్చే రంగు 10) వెబ్‌కూ చెబుతారు. నా లెక్కలో పోర్ట్‌ఫోలియోకి ఆ చివరి 10 కూడా ఎక్కువే, అందులో సగం చాలు.

లింకును రంగుతో మాత్రమే వేరు చేయకండి, కింద గీత ఉంచండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియనివాళ్లు మీరనుకునేదానికంటే ఎక్కువమందే ఉంటారు. క్రోమ్ డెవలపర్ టూల్స్‌లోని రెండరింగ్ ట్యాబ్‌లో వాళ్లకు మీ పేజీ ఎలా కనిపిస్తుందో చూసుకోవచ్చు. బటన్ చుట్టూ వచ్చే ఫోకస్ గీత బాగోలేదని తీసేయకండి. మౌస్ లేకుండా కీబోర్డుతో తిరిగేవాళ్లకు అదే దారి. రంగులు ఎంచుకునేటప్పుడు ఫోన్లో, ల్యాప్‌టాప్‌లో నైట్ మోడ్ ఆపేయండి. రాత్రి పసుపు తెర మీద నచ్చిన రంగు పొద్దున చూస్తే వేరేగా ఉంటుంది.

డార్క్ మోడ్ ఇప్పుడే వద్దు. అది రంగులు తిరగేస్తే వచ్చేది కాదు. నేపథ్యానికి పూర్తి నలుపు బదులు #121212 లాంటిది కావాలి, మీ రంగు వెలుగు పెంచి సాంద్రత తగ్గించాలి, నీడలు చీకట్లో కనిపించవు కాబట్టి పైనున్న పలకలను లేతగా చేయాలి. తెల్ల నేపథ్యంతో సేవ్ చేసిన లోగో అక్కడ తెల్ల డబ్బాలా తేలుతుంది. సగం చేసిన డార్క్ మోడ్ కన్నా అసలు లేకపోవడం నయం.

ఉద్యోగానికి పనికొచ్చే భాగం ఇక్కడుంది. రంగులను సీఎస్‌ఎస్ (పేజీ రూపాన్ని చెప్పే కోడ్) వేరియబుల్స్‌గా, అంటే పేరు పెట్టి దాచిన విలువలుగా, డిజైన్ సాఫ్ట్‌వేర్ అయిన ఫిగ్మాలోనూ వేరియబుల్స్‌గా పెట్టుకోండి. పేర్లు పనిని బట్టి ఉండాలి: ‘నేపథ్యం’, ‘పాఠం’, ‘లింకు’. ‘ఆకుపచ్చ’ అని పేరు పెడితే, రేపు దాన్ని నీలం చేసినప్పుడు పేరు అబద్ధమవుతుంది. డెవలపర్లతో పనిచేయగలరా లేదా అనేది ఇలాంటి చోటే తెలిసిపోతుంది. మార్చే ముందు, మార్చిన తర్వాత స్క్రీన్‌షాట్లు దాచుకుని, ఈ సైట్‌నే మొదటి ప్రాజెక్టుగా 200 పదాల్లో రాయండి. వదిలేసిన రెండు రంగులు, ఎందుకు వదిలేశారో, కాంట్రాస్ట్ అంకెలతో సహా ఉండాలి. ఇంటర్వ్యూలో ‘ఈ రంగే ఎందుకు?’ అని అడుగుతారు. ‘నచ్చింది’ అంటే సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

దీనికి రెండు వారాలు మించి పెట్టొద్దు, ఆ తర్వాత సమయం ప్రాజెక్టులకే. థీమ్ చేసినవాళ్ల పేరు ఉంచాలని దాని లైసెన్స్ అడిగితే, ఆ పేరు పేజీ అడుగున ఫుటర్లో ఉంచండి. థీమ్‌లో మీరు మార్చినవేవో, ఉన్నవి ఉన్నట్టే వాడినవేవో ఆ 200 పదాల్లోనే చెప్పేయండి.