మేనేజర్ సంగతి తర్వాత, ముందు ఆ పర్సనల్ లోన్ ఆపండి

బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకుడు రాసిన ఉత్తరం ఇది. హైదరాబాద్ నిజాంపేటలో డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది, హోమ్ లోన్ ఈఎంఐ 38,000, అసోసియేషన్ మెయింటెనెన్స్ 3,500. మొన్నటిదాకా అద్దె 24,000 వచ్చేది. చూసుకోవడానికి ఒక మేనేజర్‌ను పెట్టుకున్నారు, నెలకు అద్దెలో పది శాతం ఆయనకి. మూడు నెలలుగా ఫ్లాట్ ఖాళీ. పాత టెనెంటుకి ఇవ్వాల్సిన 48,000 అడ్వాన్సు మేనేజర్ దగ్గరే ఉండిపోయింది. రెండు ఈఎంఐలు క్రెడిట్ కార్డు మీద క్యాష్ తీసి కట్టారు. ఇప్పుడు ఆ మేనేజరే "ఆరు లక్షలు పెట్టి ఇంటీరియర్ చేయిద్దాం, అద్దె 30,000 వస్తుంది" అంటే 14 శాతానికి పర్సనల్ లోన్ తీసుకోబోతున్నారు. "మేనేజర్‌ను మార్చాలా, వద్దా?" అన్నది ఆయన ప్రశ్న.

మార్చండి, అందులో ఆలోచించడానికేమీ లేదు. మీరు పంపిన లెక్కలు చూశాను. గీజర్ రిపేరు 3,800, రెండు నెలలకే మళ్లీ గీజర్ మార్పు 7,500, పెయింటింగ్ 28,000. ఆ పెయింటింగ్ బిల్లు తెల్లకాగితం మీద పెన్నుతో రాసింది, షాపు పేరు లేదు, తేదీ లేదు. గేటు దగ్గర టులెట్ బోర్డే పెట్టలేదని వాచ్‌మన్ ఫోన్లో చెప్పాడని మీరే రాశారు కదా, మరి ఖాళీ ఎందుకుందో వేరే చెప్పాలా?

కానీ ఈ ఉత్తరానికి నేను జవాబు రాస్తున్నది మేనేజర్ కోసం కాదండీ. ఈఎంఐని అద్దె కట్టేస్తుందనుకుని ఫ్లాట్ కొని, ఇంటి కోసం రూపాయి కూడా పక్కన పెట్టుకోనివాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తుంటారు. అద్దె వచ్చినన్నాళ్లూ ఏ టెన్షనూ ఉండదు. రెండు నెలలు ఆగిందంటే కార్డు, ఆ తర్వాత పర్సనల్ లోన్. మీ దగ్గర ఆరు నెలల డబ్బు విడిగా ఉండుంటే ఈ మేనేజర్‌ను మొదటి నెలలోనే పంపించేసేవారు. చేతిలో డబ్బు లేకే ఆయన ఏం చెప్తే దానికల్లా తలూపాల్సి వస్తోంది.

ఆ ఇంటీరియర్ లెక్క ఒకసారి వేసి చూడండి. ఆరు లక్షలు, 14 శాతం, ఐదేళ్లు అంటే ఈఎంఐ దాదాపు 13,960. పెరిగే అద్దె 6,000. టెనెంట్ మొదటి రోజే దిగినా నెలకు దాదాపు 8,000 మీ జేబులోంచే పోతుంది, దిగకపోతే మొత్తం మీదే. ఇప్పటికే ఒక ఈఎంఐకి కిందామీదా పడుతున్నవాళ్లు రెండోది నెత్తిన పెట్టుకోవడం ఏమిటి? హోమ్ లోన్ 90 రోజులు కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, ఆ తర్వాత బాకీ కోసం ఇంటిని బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు వస్తుంది. దయచేసి ఆ లోన్ తీసుకోకండి.

కార్డు మీద తీసిన క్యాష్‌కి తీసిన రోజు నుంచే వడ్డీ పడుతుంది, ఏడాదికి 40 శాతం దాకా పోతుంది. మ్యూచువల్ ఫండ్లలో ఉన్న నాలుగు లక్షలు దీర్ఘకాలానికని ముట్టుకోలేదన్నారు. ఇటు 40 శాతం కడుతూ అటు 12 శాతం వస్తుందని కూర్చోవడం పొదుపు కాదండీ. ఈ వారమే అందులోంచి 80,000 తీసి కార్డు బాకీ మొత్తం కట్టేయండి. ఇంకో లక్షన్నర తీసి ఇంటి ఖర్చుల కోసమే విడిగా లిక్విడ్ ఫండ్‌లో (అవసరమైనప్పుడు త్వరగా తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) పెట్టండి. నెలనెలా మ్యూచువల్ ఫండ్లలోకి వెళ్తున్న 15,000 సిప్‌ను ఏడాదిపాటు అటు మళ్లించండి. మీకు కావలసింది ఆరు నెలల ఈఎంఐ, మెయింటెనెన్స్ కలిపి 2,49,000, అడ్వాన్సు 48,000, రిపేర్లకు 30,000, మొత్తం 3,27,000. ఖాళీ పడిన నెలలకు వాడుకోవాల్సి వస్తే ఏడాదిన్నర పట్టొచ్చు, అయినా సరే. ఈ డబ్బును కారు డౌన్‌పేమెంట్‌కి గానీ, బంధువుల పెళ్లికి గానీ ముట్టుకోకూడదు.

ఇక మేనేజర్ విషయం. కాంట్రాక్టు చట్టం (1872) 213వ సెక్షన్ ప్రకారం అడిగితే లెక్కలు చూపించాల్సిన బాధ్యత ఏజెంటుది, 218 ప్రకారం మీ తరఫున వసూలు చేసిన డబ్బు మీకు అప్పగించాలి. ఈ రెండూ రాసి, తేదీ పెట్టి, ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో కూడా నోటీసు పంపండి. మీరిచ్చిన అధికార పత్రం రద్దు చేశానని అందులోనే రాసి, ఒక కాపీ అసోసియేషన్‌కి ఇవ్వండి. పాత టెనెంటుకి 48,000 మీరే ఇచ్చేసి రసీదు తీసుకుని, మేనేజర్ నుంచి వసూలు చేసుకోండి. ఆ కుటుంబం చేసిన తప్పేమీ లేదు. ఇకపై అద్దె గానీ, అడ్వాన్సు గానీ నేరుగా మీ ఖాతాకే రావాలి, ఎవరిని పెట్టుకున్నా సరే.

హోమ్ ఇన్సూరెన్స్ లేదన్నారు, భారత్ గృహ రక్ష పాలసీ తీసుకోండి. ఫ్లాట్ అమ్మడం గురించి ఏడాది తర్వాత మాట్లాడుకుందాం.

ఈ శనివారం మీరే నిజాంపేట వెళ్లండి. తాళాలు తీసుకుని, గదులన్నీ ఫొటోలు తీసి, బోర్డు మీ చేత్తోనే కట్టి రండి. ఎవరైనా 22,000కే అడిగితే ఇచ్చేయండి. ఏడాదికి తగ్గేది 24,000, అంటే ఇంకొక్క నెల ఖాళీగా ఉంటే పోయేంత.