యాభై దగ్గరే బయటికి తియ్యి

నాన్నా,

ఎనిమిది మందికి మూడు కిలోల బీఫ్ ముక్క నువ్వొక్కడివే రోస్ట్ చేస్తున్నావని అమ్మ చెప్పింది. ఎంత సంతోషమేసిందో, అంత దిగులూ పట్టుకుంది. అంత ఖరీదైన మాంసం ఓ పావుగంట ఏమరుపాటుకి పాడైపోతుంది. అందుకే ఈ ఉత్తరం.

ముక్క పక్కటెముకల దగ్గరిదో నడుము దగ్గరిదో తీసుకో. లోపల గులాబీ రంగు పోకముందే తీసే ఈ పద్ధతికి మెడ, రొమ్ము ముక్కలు పనికిరావు. వాటిలోని గట్టి పీచు కరగాలంటే లోపల 90 డిగ్రీలు దాటి గంటల తరబడి మగ్గాలి. ఎర్రగా ఉన్నప్పుడే తీస్తే రబ్బరు నమిలినట్టుంటుంది.

ముందు రోజే ఉప్పు పట్టించు. కిలోకి పది గ్రాములు, తూకం వేసి. చెంచా లెక్క వద్దు, కల్లుప్పూ మెత్తటి ఉప్పూ చెంచాలో ఒకే బరువు తూగవు. ఫ్రిజ్‌లో కింది అరలో, పళ్లెం మీద జాలీ పెట్టి, మూత లేకుండా ఉంచు. తెల్లారేసరికి పైభాగం ఆరిపోయి ఉండాలి. తడిగా ఉంటే ఓవెన్ వేడంతా ఆ నీళ్లు ఆర్చడానికే పోతుంది, రంగు రాదు.

మాంసంలో గుచ్చే సూది ఉన్న థర్మామీటర్ కొన్నావా? కొనకపోతే ఈ ఉత్తరం పక్కన పెట్టి ముందు ఆ పని చూడు. కిలోకి ఇన్ని నిమిషాలు అనే లెక్క నమ్మకు. వేడి లోపలికి చేరడం మందాన్ని బట్టి ఉంటుంది, బరువుని బట్టి కాదు. సన్నగా పొడుగ్గా ఉన్న మూడు కిలోలు, గుండ్రంగా బలిసిన మూడు కిలోలు ఒకే సమయానికి ఉడకవు. ఐసు ముక్కలు నిండా వేసిన నీళ్లలో సూది ముంచి చూడు, సున్నా చూపించాలి. మాంసంలో గుచ్చేటప్పుడు మందమైన చోట పక్క నుంచి మెల్లగా తొయ్యి. అంకె తగ్గుతూ వస్తుంది, ఒక చోట మళ్లీ పెరగడం మొదలవుతుంది. అన్నిటికంటే తక్కువ చూపించిన చోటే అసలు మధ్య. ఎముకకి గాని కొవ్వుకి గాని తగిలితే ఆ అంకె తప్పు.

ఇక నా భయమంతా ఉన్న చోటికి వస్తాను. మనకి కావలసింది మీడియం రేర్, అంటే లోపల గులాబీ రంగులో, 54 నుంచి 57 డిగ్రీలు. అందరూ ఏం చేస్తారంటే 55 కనబడేదాకా ఓవెన్‌లో ఉంచి అప్పుడు తీస్తారు. అదే తప్పు. ఓవెన్ 220లో ఉంటే మధ్యలో 55 ఉన్నప్పుడు పై అంగుళం దానికంటే ఎంతో వేడిగా ఉంటుంది. బయటికి తీసినా ఆ వేడి ఊరుకోదు, లోపలికి నడుస్తూనే ఉంటుంది. బల్ల మీద ఉన్న అరగంటలో మధ్య భాగం ఆరేడు డిగ్రీలు ఎక్కుతుంది. కోసి చూస్తే చుట్టూ మందంగా బూడిద రంగు పట్టీ, నడిమధ్యన రూపాయి బిళ్లంత గులాబీ రంగు. 60 దాటాక మాంసంలోని పోగులు ముడుచుకుని నీటిని పిండేస్తాయి. పోయిన రసం మళ్లీ రాదు. తక్కువ ఉడికితే తిరిగి ఓవెన్‌లో పెట్టుకోవచ్చు నాన్నా, ఎక్కువైతే ఎవరూ ఏమీ చెయ్యలేరు.

కాబట్టి ఓవెన్ 120లోనే పెట్టు. మూడు గంటలు అటూ ఇటూ పడుతుంది, రెండు గంటల నుంచే చూస్తూ ఉండు. మాటిమాటికీ తలుపు తియ్యకు. 50, 51 కాగానే బయటికి తీసి, పైన అల్యూమినియం రేకు వదులుగా కప్పి అరగంట వదిలెయ్యి. సన్నటి వేడి కాబట్టి మూడు నాలుగు డిగ్రీలే పెరుగుతుంది. తినే ముందు ఓవెన్ 250కి పెంచి, బాగా వేడెక్కాక ఎనిమిది నిమిషాలు పెట్టు. పైన కరకరలాడే ఎర్రటి పొర వస్తుంది, లోపలికి వేడి దిగే సమయం ఉండదు. ముందే పైన మాడిస్తే రసం లోపల బందీ అవుతుందంటారు. అవదు. ఆ పొర రుచి కోసమే.

గర్భిణులు, పసిపిల్లలు, బాగా పెద్దవాళ్లు ఉంటే వాళ్ల వాటా వేరుగా చూడు. 63కి తెచ్చి కనీసం మూడు నిమిషాలు ఆగాలన్నది అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే కొలత. వాళ్ల ముక్కలు కోశాక పెనం మీద వేడి చేసివ్వు. సూదులతో గుచ్చి మెత్తబరిచిన మాంసం అయితే ఎవరికీ అంతకంటే తక్కువ వద్దు. పైనుండే క్రిములు లోపలికి వెళ్లి ఉంటాయి.

పోగులు ఎటు నడుస్తున్నాయో చూసి అడ్డంగా కొయ్యి. పళ్లెంలో ఊరే ఎర్రటి నీళ్లు రక్తం కాదు, కంగారుపడి పారబొయ్యకు, ముక్కల మీదే పొయ్యి. మిగిలింది రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టు.

ఆ రోజు ఫోన్ పక్కనే పెట్టుకుంటాను. 45 దాటగానే అంకె చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ