సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు కొని, అమ్మేసినవాళ్ళు ఏమంటారు? నేను చూసిన బండి పాతికేళ్ళది, చాలా తక్కువ తిరిగింది, అందుకే ఓనరు ఎక్కువ ధర చెబుతున్నాడు. కొనొచ్చా?

కొనొచ్చు. కాకపోతే ఇంట్లో పనులకి వేరే కారు ఉంటేనే.

నా దగ్గర కొన్నేళ్ళు మొదటి తరం మాజ్దా మియాటా అనే చిన్న స్పోర్ట్స్ కారు ఉండేది. 1989లో షికాగో ఆటో షోలో బయటికొచ్చిన మోడల్. రెండే సీట్లు, వెనక్కి మడిచే గుడ్డ టాపు, బటన్ నొక్కితే పైకి లేచే హెడ్‌లైట్లు. 1600 సీసీ ఇంజను, దాదాపు 115 హార్స్‌పవర్. ఈ రోజుల్లో చాలా మామూలు ఫ్యామిలీ కార్లకే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. కానీ బరువు టన్నుకి లోపే, ఇంజను తిప్పేది వెనక చక్రాల్ని. దాంతో మలుపులున్న రోడ్డు మీద అరవైలో పోతున్నా ఏదో ఘనకార్యం చేస్తున్నట్టే ఉంటుంది. గేరు వేయడానికి మణికట్టు కదిపితే చాలు. మరీ ఎక్కువ పవర్ ఉన్న కార్లలో ఈ సరదా తక్కువని నా అభిప్రాయం: రెండో గేరు పూర్తిగా వాడేలోపే స్పీడ్ లిమిట్ దాటేస్తారు.

ఇక మీరు చూసిన బండి పాతికేళ్ళదనీ, చాలా తక్కువ తిరిగిందనీ, అందుకే ఓనరు ఎక్కువ ధర చెబుతున్నాడనీ రాశారు. నన్నడిగితే అది అంత సంబరపడాల్సిన విషయం కాదు. ఇలాంటి కార్లు ఎక్కువ రోజులు కవరు కిందే ఉంటాయి. మీటరు తిరగదు, రబ్బరు మాత్రం ముసలిదవుతూనే ఉంటుంది. నేను డబ్బు పోసిందంతా ఆ వయసుకే: గట్టిపడిన హోస్ పైపులు, పగిలిన సస్పెన్షన్ బుష్‌లు (కుదుపులు తగ్గించే రబ్బరు ముక్కలు), చూడ్డానికి కొత్తగా ఉన్నా పట్టు లేని టైర్లు. టైరు పక్కన చివరి నాలుగు అంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారంలో తయారైందని అర్థం. ఇంజను లోపలి భాగాల్ని కలిపి తిప్పే టైమింగ్ బెల్టుని మార్చడానికి కిలోమీటర్ల లెక్కతో పాటు ఏళ్ళ లెక్క కూడా ఉంటుంది. బ్రేక్ ఆయిల్ బండి కదలకపోయినా గాలిలోని తేమ పీల్చుకుని పాడవుతుంది. రోజూ తిరుగుతూ, వేళకి సర్వీసైన బండి బిల్లులు చేతిలో పెడితే, నేనైతే దాన్నే తీసుకుంటాను, మీటరు మీద రెట్టింపు ఉన్నా సరే.

గుడ్డ టాపు కారైతే ఇంకోటి. టాపు మీద పడ్డ వాన నీళ్ళు సీట్ల వెనకున్న చిన్న రంధ్రాల్లోంచి కిందికి పోవాలి. అక్కడ ఆకులు, చెత్త అడ్డుపడితే నీళ్ళు లోపలే నిలిచి తలుపుల కింది రేకు తుప్పు పడుతుంది. పైన పెయింటు మెరుస్తూనే ఉంటుంది, ఏమీ తెలియదు. సీట్ల వెనక కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి, తడి తగిలితే అనుమానించాల్సిందే. నా కారు వెనక అద్దం కూడా ప్లాస్టిక్‌దే. టాపు దించే ముందు దాని జిప్పు తీయకపోతే మడతపడి పగులుతుంది. ఎవరైనా సరదాపడి టాపు దించబోతే నాకు అదో టెన్షన్.

డిక్కీలో సామాను పట్టదు, హైవే మీద చెవులు హోరెత్తుతాయి. వాటికి అలవాటు పడిపోతారు.

డబ్బు సంగతికొస్తే, ధర ఎప్పుడో పడాల్సినంత పడిపోయిన కారు కాబట్టి అమ్మేటప్పుడు పెద్దగా నష్టం రాలేదు. పార్టులు తేలిగ్గా దొరికే మోడల్ కావడం నా అదృష్టం. ఖరీదైన స్పోర్ట్స్ కారు చవగ్గా వస్తోందని మురిసిపోకండి. కారు ధర పడిపోయినా దాని బ్రేకులు, క్లచ్‌ల ధర పడదు. కొన్న డబ్బులో కనీసం నాలుగో వంతు రిపేర్లకని పక్కన పెట్టుకోలేకపోతే ఇంకా చిన్న కారు చూసుకోవడం మేలు.

చూడ్డానికి వెళ్ళేటప్పుడు ఇంజను స్టార్ట్ చేసి ఉంచవద్దని ఓనరుకి ముందే చెప్పండి. చల్లగా ఉన్న ఇంజను స్టార్టయ్యే తీరులో, ఆ మొదటి పొగలో చాలా తెలుస్తుంది. మీరు వెళ్ళేసరికే బానెట్ వేడిగా ఉంటే, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి.