డ్రమ్ము మొత్తం మార్చాలట, ఏం చేయమంటారు?

ప్రశ్న: మా ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్ కొని తొమ్మిదేళ్లయింది. నాలుగు నెలలుగా స్పిన్ తిరిగేటప్పుడు విమానం లేస్తున్నంత మోత. మెకానిక్ వచ్చి పది నిమిషాలు చూసి, "బేరింగులు పోయాయమ్మా, డ్రమ్ము మొత్తం మార్చాలి" అన్నాడు. అతను చెప్పిన ఖర్చు కొత్త మెషిన్ ధరలో సగం పైనే. పోయిన వారం నుంచి నీళ్లు కూడా సరిగ్గా బయటికి పోవడం లేదు. మావారు కొత్తది కొనేద్దామంటున్నారు. బేరింగంటే డ్రమ్ము ఇరుసుని తేలిగ్గా తిరగనిచ్చే, అరచేతిలో పట్టే వస్తువు కదా, దానికోసం ఇంత మెషిన్ పారేయడమా అని నా బాధ.
- ఓ పాఠకురాలు

జవాబు: మీ బాధ న్యాయమైనదే. అలాగని మెకానిక్ అబద్ధం చెప్పాడనీ అనలేను. ఇరవై రెండేళ్లు ఈ మెషిన్ల వెనక నేల మీద కూర్చుని పనిచేసినవాణ్ణి, అతని పక్షం కూడా కొంచెం మాట్లాడాలి.

ముందు నీళ్ల సంగతి. దానికీ బేరింగుకీ సంబంధం ఉండదు. మెషిన్ ముందువైపు కింద మూలన చిన్న మూత ఉంటుంది, దాని వెనక పంపు ఫిల్టరు. ప్లగ్ తీసి, కింద పళ్లెం పెట్టి, మెల్లగా తిప్పి తీయండి. ఏ నాణెమో, గుండీయో, పసివాడి సాక్సో దొరుకుతుంది. నేనీ పని నేర్చుకోకముందు, నీళ్లు వదలడం లేదని మా ఇంట్లో మెషిన్ పాత సామాన్లు కొనేవాడికి ఇచ్చేశాం. అతను మర్నాడు పంపులో దొరికిందంటూ మా అమ్మ జడపిన్ను తెచ్చి ఇచ్చాడు. మెషిన్ మాత్రం ఇవ్వలేదు!

ఇక మోత. ప్లగ్ తీసే ఉంచి, తలుపు తెరిచి, డ్రమ్ము పై అంచు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. చుట్టూ ఉన్న, నీళ్లు నిలిచే టబ్బుతో కలిసి ఊగితే ఫరవాలేదు, అది స్ప్రింగుల మీద వేలాడుతుంది. టబ్బు కదలకుండా డ్రమ్మొక్కటే కటకటా ఆడితే బేరింగు అరిగినట్టే. తర్వాత చేత్తో తిప్పండి. తిరగలిలా గరగరమంటే ఇక అనుమానం లేదు. అలా కాకుండా ఏదో ఒక్కచోట టిక్కుమని గీసుకుంటుంటే మాత్రం సంతోషించండి. లోదుస్తుల్లోంచి ఊడిన తీగ డ్రమ్ముకీ టబ్బుకీ మధ్య చిక్కుకుని ఉండొచ్చు. చాలా మెషిన్లలో హీటరు ఊడదీసి ఆ రంధ్రంలోంచి దాన్ని లాగేస్తాం.

బేరింగే అయితే, చిన్న వస్తువుకి అంత ఖర్చెందుకు? బేరింగు ముందు రబ్బరు సీల్ ఉంటుంది. అది అరిగితే సబ్బు నీళ్లు లోపలికి దిగి గ్రీజు కొట్టుకుపోతుంది, ఉక్కు తుప్పు పడుతుంది. దాన్ని మార్చాలంటే మెషిన్ మొత్తం విప్పి టబ్బు రెండు చిప్పలూ విడదీయాలి. వస్తువు ధర కొంచెమే, చాకిరీ పూటంతా. పైగా చాలా మోడళ్లలో ఇప్పుడా చిప్పల్ని స్క్రూలతో బిగించడం లేదు, ప్లాస్టిక్ కరిగించి అతికించేస్తున్నారు. అప్పుడు టబ్బు మొత్తం మార్చడం తప్ప వేరే దారి చూపించరు, మీ మెకానిక్ "డ్రమ్ము మొత్తం" అన్నది దీన్నే అయ్యుంటుంది. రంపంతో కోసి, బేరింగు మార్చి, సిలికాన్ పూసి మళ్లీ బిగించేవాళ్లున్నారు. నేనూ చేశాను. కొన్ని ఏళ్ల తరబడి నడిచాయి, రెండు మాత్రం కారి నా పరువు తీశాయి.

కాబట్టి మెకానిక్‌ని ఒక్కటే అడగండి: "బాబూ, మా టబ్బు స్క్రూలదా, అతికించిందా?" స్క్రూలదైతే బేరింగులూ సీలూ మాత్రమే మార్చమనండి. విప్పాక డ్రమ్ము వెనక మూడు కొమ్ముల అల్యూమినియం ముక్క కనిపిస్తుంది, మేం స్పైడర్ అంటాం. అది తెల్లగా పొడిరాలుతున్నా, పగిలినా, ఇరుసు మీద సీల్ కూర్చునే చోట గాడి పడినా అక్కడితో ఆపేయమనండి. కొత్త సీల్ కూడా ఆ గాడిలోంచి కారుతుంది.

అతికించినదైతే మీవారి మాటే నా మాట. ఖర్చు సగం దాటితే కొత్తది కొనమనే లెక్కను నేను గుడ్డిగా నమ్మను. ఇదే ఖర్చు మూడేళ్ల మెషిన్‌కైతే పెట్టమనేవాణ్ణి. తొమ్మిదేళ్లదానికి కొత్త టబ్బు వేయిస్తే, ఆ వెనకే షాక్ అబ్జార్బరో, సర్క్యూట్ బోర్డో మొరాయిస్తే మళ్లీ చేతి చమురు వదులుతుంది.

కొత్తది వస్తే వెనకున్న ట్రాన్సిట్ బోల్టులు, అంటే రవాణాలో డ్రమ్ము ఊగకుండా బిగించినవి, తీయించడం మర్చిపోకండి. అవి అలాగే ఉంచి స్పిన్ వేస్తే మెషిన్ గదంతా నడుస్తుంది. ఆ బోల్టులు పారేయకండి, ఇల్లు మారేటప్పుడు కావాలి.

ఏది తేల్చుకున్నా అంతవరకూ స్పిన్ వేగం 400కి (నిమిషానికి చుట్లు) తగ్గించండి, వీలైతే అసలు వేయకండి. 1200 అంటే డ్రమ్ము సెకనుకి 20 చుట్లు తిరుగుతుంది. బేరింగు వదులైన డ్రమ్ము ఆ వేగంలో టబ్బుని పగలగొట్టిందంటే ఇల్లంతా నీళ్లు.